విత్తునకును వృక్షమునకును నడుమ

తిరుపతి పరిసరములలో వృక్షశాస్త్రము నభ్యసించుచు, పట్టపరీక్షకై జీవావరణమునకు సంబంధించిన ఒక చిన్న పరిశోధనమును సమర్పింపవలసియున్న విద్యార్థి, అటవీశాఖవారి అనుమతిపత్రమును జేబులో నుంచుకొని శేషాచలపు అడవిలో అడుగిడునప్పుడు, వాని సంచిలో నుండు సామగ్రి మిక్కిలి స్వల్పము: కొంత నూలుత్రాడు, నాలుగు మేకులు, దర్జీలు వాడునట్టి టేపు, మొక్కలను ఆరబెట్టుటకు పాత వార్తాపత్రికలు, వానిని నొక్కిపెట్టుటకు రెండు చెక్కపలకలు, పెన్సిలు, అట్టవేసిన నోటుపుస్తకము. ఇంత అల్పమైన పరికరములతో అంత పెద్ద అడవినిగూర్చి ఏమి తెలియునని ఎవరికైనను సందేహము కలుగవచ్చును. కాని వృక్షజీవావరణశాస్త్రమున నేటికిని నమ్మదగినవిగా నిలిచిన సత్యములలో అధికభాగము ఇట్టి త్రాళ్లవలనను మేకులవలనను లభించినవే.

నేలపై కొలిచి గుర్తించిన చతురస్రమును క్వాడ్రాట్ అందురు. 1898లో అమెరికాలోని నెబ్రాస్కా గడ్డిమైదానములను పరిశీలించుచుండిన రాస్కో పౌండ్, ఫ్రెడరిక్ క్లెమెంట్స్ అను ఇరువురు యువకులు, ఏ మొక్క హెచ్చుగా నున్నది, ఏది తక్కువగా నున్నది అను విషయమును కంటితో చూచి నిర్ణయించుట ఎంతటి భ్రమకు తావిచ్చునో గ్రహించి, చతురస్రములోని మొక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టు పద్ధతికి ఆద్యులైరి. వారిలో పౌండు తరువాతి కాలమున న్యాయశాస్త్రమున ప్రసిద్ధుడై హార్వర్డు న్యాయకళాశాలకు అధిపతి యగుట చూడగా, సాక్ష్యము లేని అభిప్రాయమును నమ్మరాదను బుద్ధి ఆయనకు గడ్డిమైదానముననే అబ్బినదేమో యని నాకు తోచును.

మన అడవులలో సాధారణముగా చెట్లకొరకు పది మీటర్ల భుజముగల చతురస్రమును, దానిలోపల పొదలకొరకు ఐదు మీటర్ల చతురస్రమును, మూలల యందు గడ్డికిని మొలకలకును ఒక్కొక్క మీటరు చతురస్రమును గుర్తింతురు. చెట్టు చుట్టుకొలతను నేలనుండి 1.37 మీటర్ల ఎత్తున తీయవలెను. వాలునేలపై నున్న చెట్టుకు ఆ ఎత్తును వాలు పైవైపునుండి చూడవలెను. ఆ ఎత్తునకు దిగువనే చీలిన మానును రెండు మానులుగా లెక్కింపవలెను. ఇవి పుస్తకములోని నియమములు. పుస్తకములో లేనిదేమనగా, శేషాచలమున మేకు దిగదు. రెండంగుళముల మట్టి క్రింద బండ తగులును; అందువలన విద్యార్థి మేకులను సంచిలోనికి త్రోసి, రాళ్లను కుప్పవేసి వానికే త్రాడు కట్టుకొనును. ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ముండ్లపొద లేని చోట, కాలు నిలుచు చోట, నీడగల చోట చతురస్రమును పరచవలెనని మనస్సు పీకుచుండును. అట్లు పరచినచో కొలువబడినది అడవి గాదు, కొలిచినవాని సౌకర్యము. కావున చతురస్రముల స్థానములను ఇంటియొద్దనే యాదృచ్ఛికసంఖ్యల పట్టికనుండి ఎన్నుకొని, అవి కొండకొమ్మున బడినను వాగులోయలో బడినను అచ్చటికే పోవుట శాస్త్రమర్యాద.

తిరుమలకు పోవు కనుమదారిలో, కొండచరియపై దిగువ గ్రానైటును, దానిపై పొరలుపొరలుగా పేర్చినట్లున్న క్వార్ట్‌జైటును వేరుచేయు ఒక గీత కానవచ్చును. ఆ గీతకు క్రిందిదైన శిల యేర్పడుటకును, పైదైన శిల యేర్పడుటకును నడుమ కోట్లకొలది సంవత్సరములు గడచినవని నిశ్చయించి, భూగర్భశాస్త్రజ్ఞులు దీనిని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అని పేర్కొని, జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించియున్నారు. లక్షలాది యాత్రికులు దీనిప్రక్కగానే బస్సులలో పోవుచుందురు. వృక్షశాస్త్ర విద్యార్థికి ఆ గీతయందలి ప్రాచీనతకంటె ఆ పైశిల స్వభావము ముఖ్యము. క్వార్ట్‌జైటు సులభముగా మట్టి కాదు. ఇటుకలవలె నిలువునను అడ్డమునను పగులును. వాననీరు ఉపరితలమున నిలువక పగుళ్లలోనికి జారిపోవును. నైరృతిఋతువు కొంత, ఈశాన్యఋతువు కొంత వర్షము నిచ్చినను, మార్గశిరము దాటిన పిమ్మట తొలకరివరకు నేల పూర్తిగా ఎండియుండును. ఈ బండనేల, ఈ దీర్ఘశుష్కకాలము అను రెంటిని ఓర్చుకొనగల జాతులకే యిచ్చట బ్రతుకు. నల్లమద్ది, చిరిమాను, బిల్లుడు, కరక మొదలగునవి దక్కన్ అంతటను కానవచ్చునవే. కాని ఎర్రచందనము, మొగి, తెల్లకరక, కొండసాంబ్రాణి, ఒక జాతి జాలారి, సైకస్ బెడ్డోమి మున్నగునవి ఈ కొండలను, వీనికి సమీపమునగల తూర్పుకనుమల భాగములను విడిచి వేరెచ్చటను సహజముగా పెరుగవు. 2010లో సుమారు 4,756 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును శేషాచల జీవావరణ రక్షితప్రాంతముగా ప్రకటించుటకు ఇట్టి దేశీయజాతుల సమృద్ధియే ముఖ్యకారణము.

ఇట్టి జాతులను అరుదైనవని యనుట వాడుక. కాని అరుదనము ఒక్కవిధమైనది కాదు. డెబోరా రాబినోవిట్జ్ అను శాస్త్రజ్ఞురాలు 1981లో ఈ విషయమును విడమరచి చూపెను: వ్యాపించిన భూభాగము విశాలమా సంకుచితమా, నివాసయోగ్యమైన నేల బహువిధమా ఏకవిధమా, ఉన్నచోట సంఖ్య అధికమా స్వల్పమా అను మూడు ప్రశ్నలు వేసిన, ఎనిమిది జవాబులు వచ్చును, అందొక్కటి మాత్రమే సామాన్యత, తక్కిన యేడును ఏడు విధములైన అరుదనములు. పూర్వపు కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశము జిల్లాలలోని కొండలను, వానికి తగిలియున్న తమిళదేశపు అంచులను దాటని ఎర్రచందనము భూభాగమునుబట్టి మిక్కిలి అరుదు. కాని తనకు నచ్చిన రాతివాలున నిలిచి చూచినవానికి, మొసలిచర్మమువలె పలకలుగా పగిలిన నల్లని బెరడుగల మానులు ఎటు చూచినను కనబడుచుండును. ఛాంపియన్, సేథ్ అను అటవీశాస్త్రజ్ఞులు 1968లో భారతదేశపు అడవుల రకములను సవరించి ప్రకటించినప్పుడు, ఎర్రచందనము పెరుగు శుష్క అడవిని ఒక ప్రత్యేకవిభాగముగానే పేర్కొనిరి. ఒక అడవిలో ఇంత సమృద్ధిగా నున్నదానిని అంతరించు ప్రమాదములో నున్నదనిన, చూపరి నమ్మజాలడు. ఈ అపనమ్మకము తొలగుటకే చతురస్రము, చతురస్రములో తల వంచి చూచుట.

1898వ సంవత్సరమే ఈ శాస్త్రమునకు మరియొక కానుక నిచ్చినది. ఫ్రాన్సుదేశమున ద లియోకూర్ అను అటవీ అధికారి తన అడవిలోని చెట్లను లావునుబట్టి తరగతులుగా విభజించి చూడగా, సన్ననివి మిక్కిలి ఎక్కువగను, లావు హెచ్చినకొలది సంఖ్య ఒక క్రమమున తగ్గుచును ఉన్నట్లు తెలిసెను. గ్రాఫుకాగితముపై ఎడమనుండి కుడికి జారిపోవు ఈ వక్రరేఖ, తన్ను తాను పునరుద్ధరించుకొనుచున్న అడవికి లక్షణము. ఒక జాతి విషయమున ఈ రేఖ తలక్రిందులైనచో, అనగా నడివయస్సు చెట్లు అధికముగా నుండి పిన్నవి లేకున్నచో, ఆ జాతి చూపునకు నిండుగానే యుండి లోపల క్షీణించుచున్నదని యనుమానింపవలెను. అయినను ఇచ్చట తొందరపడరాదు. శుష్కారణ్యములలో మొలకలు ఏటేట సమానముగా రావు; వానలు వరుసగా కలిసివచ్చిన కొన్ని యేండ్లలో ఒక్కుమ్మడిగా నిలదొక్కుకొని, పిదప చాలకాలము శూన్యముగా నుండుటయు కలదు. ఒక్కసారి లెక్కించినవాడు ఒక్క ఛాయాచిత్రము తీసినవానితో సమానుడు. మానులకు అల్యూమినియము బిళ్లలు కొట్టి, మొలకలచెంత గుర్తుపుల్లలు నాటి, అవే చతురస్రములకు సంవత్సరముల తరబడి తిరిగివచ్చినప్పుడు గాని చావుపుట్టుకల లెక్క తేలదు. రెండేండ్ల చదువునకు ఈ పని ఇముడకపోవుట మన విశ్వవిద్యాలయముల పాఠ్యక్రమమునందలి లోపమే గాని అడవి లోపము కాదు. ముందు తరగతివాడు నాటిన గుర్తులను తరువాతి తరగతివాడు కొలుచునట్లు ఏర్పాటు చేయుట అంత కష్టమును కాదు.

ఎర్రచందనపు విత్తు మానుగా మారుటకు దాటవలసిన ఘట్టములను దగ్గరగా చూతము. ఫాల్గుణ చైత్రములలో, ఆకు రాలి క్రొత్తచిగురు తొడుగుచున్న వేళ, పసుపుపచ్చని పూలగుత్తులు వచ్చును. తేనెటీగలు కొమ్మకొమ్మకును మూగి పుప్పొడిని చేరవేయును. నిలిచిన పిందెలు పండి ఎండుటకు ఇంచుమించు మరుసటి పూతకాలమువరకు పట్టుటవలన, ఒకే చెట్టున క్రొత్తపూలును పాతకాయలును కలిసి కానవచ్చుట కలదు. కాయ గుండ్రనిది, పలుచనిది. నడుమ ముద్దగా గట్టిపడి, చుట్టును రెక్కవంటి అంచు. లోపల సామాన్యముగా ఒక్కటే విత్తు. వేసవిగాలికి ఈ రెక్క కాయను కొంతదూరము మోయును. విత్తు మొలకెత్తు శక్తి కలదే యైనను, కాయ పెంకు గట్టిదగుటచే నీరు లోపలికి చేరుట ఆలస్యమగును. నర్సరీలలో కాయలను పేడనీటిలో నానవేయుట యిందులకే. అడవిలో ఆ పని చేయువారు లేరు గావున, కాయ తొలకరివరకు నేలపై పడియుండి వేచియుండవలెను.

ఆ వేచియుండు కాలమే అగ్నికాలము. ఫిబ్రవరినుండి మే నెలవరకు కొండలపై బోదగడ్డి నిలువున ఎండి, అగ్గిపుల్లకో బీడీముక్కకో ఎదురుచూచుచుండును. గడ్డిమంట పెద్దమానును చంపదు. దట్టమైన బెరడు దానికి కవచము. కాని నేలమీది కాయలు మాడిపోవును, పోయినయేటి మొలకలు కాలిపోవును. మంట తప్పించుకొన్న మొలకకు దుప్పియు, మేకయు, పశువును ఎదురగును. ఎర్రచందనపు లేతాకు వానికి ప్రీతికరము. ఇవన్నియు తప్పినను ఎండ తప్పదు. ఇట్టి శుష్కారణ్యపు వృక్షములలో అనేకజాతుల మొలకలు మొదటి కొన్ని వేసవులలో పైకాండమును కోల్పోయి, బండపగులులో దిగిన వేరును మాత్రము నిలుపుకొని, వానకు మరల చిగుర్చుచుండును. పైకి చూచువానికి అది జానెడు మొలక. క్రింద మాత్రము దాని వేరు బొటనవ్రేలి లావున నుండవచ్చును. ఏటికేడు చచ్చి బ్రతుకుచు, వేరున తగినంత ఆహారము నిలువచేసికొన్న పిమ్మట ఒకానొక మంచి యేట అది ఒక్కసారిగా పైకి లేచును. కావున చతురస్రములోని జానెడు మొలకకు వయస్సు కట్టుట సులభము కాదు; గుర్తుపుల్ల నాటి తిరిగి వచ్చుటకు ఇది మరియొక కారణము.

పిన్నచెట్లను లెక్కించునప్పుడు కూడ ఒక మెలకువ కావలెను. ఎర్రచందనము నరికిన మోడునుండి బలముగా పిలకలు వేయును. ఆ పిలకలు మూడు నాలుగేండ్లకు చక్కని కుర్రచెట్లవలె కనబడి, పట్టికలో సన్ననికొలతల గడిని నింపి, రేఖను ఆరోగ్యవంతముగా చూపును. కాని మొదలువద్ద ఆకులను తొలగించి చూచినచో పాతమోడు బయటపడును. పిలక క్రొత్తప్రాణి కాదు. నరికినవాని గొడ్డలికి ముందున్న ప్రాణియే. విత్తునుండి వచ్చినదానియందే తలిదండ్రుల గుణములు క్రొత్తగా కలియును. మారుచున్న వాతావరణమునకు, క్రొత్తతెగుళ్లకు ఓర్చుకొను శక్తి ఆ కలయికనుండియే రావలెను. విత్తుమొలకకును మోడుపిలకకును పట్టికలో వేర్వేరు వరుసలు లేని నివేదికను నేనైతే నమ్మను.

ఎర్రచందనమునకు పట్టిన దుర్గతిలో మనుష్యుని పాలు అందరికిని తెలిసినదే. దాని చేవ నీటిలో మునుగునంత బరువైనది. అందలి శాంటలిన్ అను ఎర్రని వర్ణద్రవ్యమును, కొన్ని మానులలో మాత్రమే యేర్పడు అలలవంటి పొరయును విదేశములలో వెలకట్టరానివైనవి. జపానువారు షామిసెన్ అను తంత్రీవాద్యమును దీనితో చేయుదురు. 1995నుండి అంతర్జాతీయ వ్యాపారనియంత్రణపు ఒప్పందమున రెండవ అనుబంధములో దీనికి స్థానము కలదు. దొంగనరుకుడు వార్త లేని వారము తిరుపతి పత్రికలలో నుండుట అరుదు గాన దానిని విస్తరింపను. అయితే ఒక విషయము గమనింపదగినది: దొంగ కోరునది చేవ పట్టిన మానునే, చేవ పట్టుటకు దశాబ్దములు పట్టును, కాయలు విరివిగా నిచ్చునవియు ఆ మానులే. ఒక్కొక్క మాను పోయినప్పుడు దుంగతోబాటు ఆ వాలున ఏటేట రాలవలసిన కాయలును పోవును. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణసంఘము ఈ జాతిని మొదట అపాయస్థితిలో నున్నదిగా పేర్కొని, 2018లో అపాయమునకు సమీపమున నున్నదిగా మెట్టు తగ్గించి, కొద్దియేండ్లకే మరల అపాయస్థితికి చేర్చుటను చూచి కొందరు పరిహసించిరి. నాకది పరిహాసమునకు తగినదిగా తోచలేదు; లెక్క మారినప్పుడు తీర్పు మారుట శాస్త్రమర్యాదయే.

తక్కిన జాతుల కష్టములు వేరు. మొగిపండ్లు తిరుపతి వీధులలో గంపలకెత్తి అమ్ముడుపోవును; మొగివంటి నేరేటిజాతుల విత్తులు సామాన్యముగా ఎండిన చచ్చునవే గాన, పండు అడవి దాటిన విత్తు దాటినట్లే. కొండసాంబ్రాణిని బంకకొరకు గాట్లుపెట్టి పెట్టి చెట్టునే నీరసింపజేయుచున్నారు. వీనినిగూర్చి ఒక్కొక్క వ్యాసమే వ్రాయవచ్చును. నేను మాత్రము సైకస్ బెడ్డోమి యొద్ద కొంతసేపు నిలిచెదను.

మదరాసు ప్రెసిడెన్సీ అడవుల అధికారియు, దక్షిణభారత వృక్షములపై గొప్పగ్రంథము రచించినవాడునగు రిచర్డ్ హెన్రీ బెడ్డోము పేర 1883లో దీనికి నామకరణము జరిగెను. స్థానికులు దీనిని పెరిత అనియు, మదనకామాక్షి యనియు అందురు. ఆకు చూచి ఈతమొక్క యనుకొనువారు కలరు. ఈతతో దీనికి ఎట్టి చుట్టరికమును లేదు. పూవు లేని, ఫలము లేని, నగ్నబీజములు గల ప్రాచీనవంశమిది. ఆ వంశపు శిలాజములు ఇరువదియెనిమిది కోట్ల యేండ్లనాటివి దొరకినవి. అంతమాత్రమున దీనిని సజీవశిలాజమనుట అతిశయోక్తి: నేడు బ్రతికియున్న సైకస్ జాతులలో చాలవరకు గడచిన కోటి రెండుకోట్ల యేండ్లలోనే విడివడినవని జన్యుపరిశోధనములు సూచించుచున్నవి. వంశము పాతది, సంతానము క్రొత్తది.

కాండముచుట్టు కవచమువలె మిగిలియుండు పాత ఆకుమొదళ్లు దానిని గడ్డిమంటనుండి కాపాడును. ఆకులన్నియు కాలిపోయినను కొద్దివారములలో నడినెత్తినుండి క్రొత్తాకుల కిరీటము ఒక్కసారిగా లేచును. ఆ లేతాకులపై గ్రుడ్లు పెట్టుటకే ఒక చిన్న నీలిరంగు సీతాకోకచిలుక వచ్చును. నేలను కొంచెము త్రవ్వి చూచిన, పగడపుకొమ్మలవలె పైకి చీలిన పొట్టివేళ్లు కానవచ్చును. వానిని కోసి సూక్ష్మదర్శినిక్రింద నుంచినచో, లోపల నీలాకుపచ్చని వలయము, అందు గాలిలోని నత్రజనిని బంధించి యిచ్చు సూక్ష్మజీవులు. బండనేలలో ఎరువు లేకయే బ్రతుకుటకు ఇది దాని యేర్పాటు.

ఇంత దృఢమైన మొక్క అంతర్జాతీయ ఒప్పందపు మొదటి అనుబంధమున, అనగా అత్యంత కఠినరక్షణగల పట్టికలో, చేరవలసిన గతి యేల పట్టినదో తెలియుటకు దాని సంతానక్రమము తెలియవలెను. ఒక మొక్క మగది, మరియొకటి ఆడది. మగమొక్క నెత్తిన జానెడుకు మించిన శంకువు వచ్చును. ఆడమొక్కకు ఆకుకిరీటము నడుమ అండములు మోయు దళములు వచ్చును. శంకువు వచ్చువరకు, అనగా అనేక సంవత్సరములవరకు, ఏది మగదో ఏది ఆడదో చెప్ప వీలుకాదు. గాలివలనను కీటకములవలనను అండమును చేరిన పుప్పొడి నెలల తరబడి లోపల నిలిచి, తుదకు రోమములతో ఈదు శుక్రకణములను విడుచును. సైకస్ వర్గపు మొక్కలో ఇట్టి యీదు కణములను జపానుదేశపు ఇకేనో 1896లో తొలుత చూచినప్పుడు శాస్త్రలోకము విస్మయమొందెను.

మగశంకువు బలకరమగు ఔషధమని నమ్ముటచేత, పుప్పొడి రాలకమునుపే కోసికొని పోవుదురు. మొక్క చావదు, ఆకు వాడదు. లెక్కించువానికి మొక్కల సంఖ్య ఒక్కటియు తగ్గదు. పైగా సైకస్ అండములకు ఒక చిత్రమైన స్వభావము కలదు: ఫలదీకరణము జరుగకున్నను అవి పెరిగి, పెంకు గట్టిపడి, మంచిగింజలవలెనే తయారై రాలును. ఆడమొక్క మొదట గింజలు కుప్పగా పడియుండుట చూచి, ఈ వాలున దీని వంశమునకు లోటులేదని పుస్తకములో వ్రాసికొను విద్యార్థి నిందాపాత్రుడు కాడు. కాని ఆ గింజలలో అనుమతిలో పేర్కొన్న కొలదిని మాత్రము తీసి నీటిబకెట్టులో వేయమని వాని ఆచార్యుడు చెప్పవలెను. పిండము లేనివి సాధారణముగా తేలును. మునిగినవానిలో కొన్నిటినైనను వెంటనే పగులగొట్టక కొన్ని నెలలు ఇసుకలో నిలువయుంచి చూడవలెను, ఏలయన సైకస్ పిండము గింజ రాలిన పిమ్మటనే పెరుగుట ముగించును.

అటుపిమ్మట వాని పని త్రాడుతో గాక టేపుతో. ఒక్కొక్క ఆడమొక్క మొదటినుండి, శంకువు కోతబడక మిగిలిన మగమొక్క ఎంత దూరమున నున్నదో కొలిచి, ఆ దూరమునకెదురుగా నీట మునిగిన గింజల పాలును గ్రాఫుకాగితముపై గుర్తింపవలెను. రేఖ ఎచ్చట పడిపోవుచున్నదో తేలినచో, ఒక్కొక్క వాలున ఎన్ని మగశంకువులను, ఎంతెంత ఎడమున, కోయనీయకుండ కావలి కాయవలెనో అటవీశాఖవారికి అంకెలలో చెప్పుటకు వీలగును.